మట్టికుండలో సిగార్ పెట్టె

సిగార్ గురించి నాకు తెలిసిందంతా ఇద్దరి దగ్గర నేర్చుకున్నదే. ఒకరు మా జాయింట్ సెక్రటరీ. రెండో మనిషి మా అమ్మ. ఆయన శిష్యుణ్ణని ఢిల్లీలో కనబడ్డవాడికల్లా చెప్పుకున్నాను. అమ్మ సంగతి మాత్రం ఎవరి దగ్గరా నోరు విప్పలేదు. ఇప్పుడు ఎనభై దాటి, నాలుగు మెట్లెక్కితే ఆయాసం వచ్చే రోజుల్లో రాస్తున్నాను. ఇక పోవడానికి పరువేమీ మిగల్లేదు కాబట్టి రాస్తున్నాను, ధైర్యం వచ్చి కాదు.

డెబ్బైల మధ్యలో నేనొక మంత్రిత్వ శాఖలో సెక్షన్ ఆఫీసర్ని. ఆర్.కె. పురంలో మొదటి అంతస్తులో రెండు గదుల క్వార్టరు. భార్య ప్రభుత్వ బడిలో టీచరు. మా జాయింట్ సెక్రటరీ లక్నో మనిషి, సాయంత్రం ఆరు దాటితే గాని ఆయన ముఖంలో నవ్వు కనబడేది కాదు. ఒకరోజు ఆరున్నరకి ఫైలు పట్టుకుని వెళితే, కూర్చోమని చెప్పి, బల్ల సొరుగులోంచి బొటనవేలంత లావున్న సిగార్ తీసి నా చేతిలో పెట్టారు. క్యూబా నుంచి వచ్చినదట. కొస ఎంత కోయాలో, లైటరు వద్దు అగ్గిపుల్లే ఎందుకు వాడాలో, మంటని ముట్టనీయకుండా దూరంగా తిప్పుతూ ఎలా అంటించాలో ఓపికగా చూపించారు. పొగ మింగకూడదు, నోట్లో నిలిపి వదిలెయ్యాలి. బూడిద తట్టకూడదు, దానంతట అదే రాలాలి. గంటసేపు మేమిద్దరం ఫైలు ముట్టుకోలేదు. ఆయన ఎదురుగా కుర్చీలో వెనక్కి వాలి కూర్చోవడం నాకు అదే మొదటిసారి. నిజం చెప్పాలంటే నాకు రుచి కన్నా ఆ కూర్చోవడమే ఎక్కువ నచ్చింది.

ఆ రోజు నుంచి నాకు పిచ్చి పట్టింది. ఆ రోజుల్లో విదేశీ సిగార్ బజార్లో దొరికే సరుకు కాదు. రాయబార కార్యాలయాల్లో పనిచేసేవాళ్ళు బదిలీ మీద వెళ్ళిపోతూ వదిలేసినవీ, విదేశీ బృందాలు వచ్చినప్పుడు చేతులు మారినవీ, అలా ఒకటీ రెండూ సంపాదించేవాణ్ణి. కొత్త సిగార్ కొన్నరోజే కాల్చేవాడు మూర్ఖుడని జాయింట్ సెక్రటరీ గారు చెప్పారు. ఆకు లోపల ఇంకా పని జరుగుతూనే ఉంటుందట. మూడేళ్ళు, అయిదేళ్ళు, ఒక్కోసారి పదేళ్ళు దాచితే ఘాటు తగ్గి తీపి పైకొస్తుందట. ఆయన దగ్గర గాలి చొరబడని దేవదారు పెట్టె ఉండేది, లోపల తడి స్పాంజి, మూతకి తేమ కొలిచే చిన్న గడియారం. అలాంటిది నాకెక్కడిది?

నాకు మొదటిసారి పాతిక సిగార్ల నిండు పెట్టె దొరికింది ఫిబ్రవరిలో. స్టీలు బీరువా కంటే భద్రమైన చోటు లేదనుకుని పై అరలో పెట్టాను. మార్చిలో మా ఆవిడ ఢిల్లీలో ప్రతి ఇల్లాలూ చేసేదే చేసింది. స్వెట్టర్లూ, శాలువాలూ, రజాయిలూ మడతపెట్టి, మధ్యమధ్యలో కలరా ఉండలు వేసి, అదే బీరువాలోకి తోసింది. ఆర్నెల్ల తర్వాత గొప్పగా ఒకటి తీసుకెళ్ళి మా సారు చేతికిచ్చాను. ఆయన అంటించి, రెండు దమ్ములు లాగి, దాన్ని పక్కన పెట్టేసి ఫైలు అడిగారు. ఇంటికొచ్చి నేనొకటి కాల్చి చూస్తే మరుగుదొడ్డి వాసన. పెట్టె పెట్టెంతా పోయింది. మా ఆవిడ మీద ఇంతెత్తున లేచాను. ఉన్ని బట్టలకి పురుగు పట్టకుండా చూసుకోవడం తప్పెలా అవుతుందని ఆవిడ అడిగితే నా దగ్గర జవాబు లేదు. జవాబు లేనప్పుడల్లా గొంతు పెంచడం నాకు అలవాటు.

ఆ మరుసటి ఏడే అమ్మని ఢిల్లీకి తెచ్చుకున్నాను. మాది శ్రీకాకుళం వైపు. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అమ్మ ఒక షావుకారుకి చుట్టలు చుట్టి నన్ను చదివించింది. పొద్దున్నే ఆకు తడిపి, ఈనె లాగి, మధ్యాహ్నానికి చాపమీద వరసలు పేర్చేది. మా ఇంట్లో బియ్యం కంటే ముందు పొగాకు వాసన తగిలేది. పనిచేస్తూనే చుట్ట కాల్చేది, మా వైపు ఆడవాళ్ళు కాల్చినట్టే. అంటే అడ్డపొగ. నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని, పెదవులు మూసి, పొగ లాగడం. తెలియని వాళ్ళకి చెబితే నమ్మరు. గాలికి ఆరదు, బూడిద ఆకు మీద పడదు, రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి. దూరం నుంచి చూస్తే ఆడమనిషి నోట్లో చుట్ట ఉందో లేదో కూడా తెలియదు. మా అమ్మమ్మ అలాగే కాల్చింది, వీధిలో ఆడవాళ్ళంతా అలాగే కాల్చేవాళ్ళు. ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ నాకదేమీ వింతగా కనబడలేదు.

అమ్మ రైలు దిగిన మూడో రోజున నా పెట్టె చూసింది. అప్పటికి రెండో పెట్టె సంపాదించాను, ఈసారి బీరువాలో కాకుండా పుస్తకాల అలమరాలో. ఒక సిగార్ తీసి, వాసన చూసి, చెవి దగ్గర పెట్టుకుని వేళ్ళతో మెల్లగా నొక్కింది. గలగలమంది.

"ఆకుని సంపీసినావురా. ఈ ఊరి గాలికి ఇలగ ఒగ్గీస్తే నిలుస్తాదేటి?" అంది.

అది చాలా ఖరీదైన సరుకనీ, ముట్టుకోవద్దనీ చెప్పాను. ఏ ఊరిదైనా ఆకు ఆకేనంది. పొగాకుకి పదును ఉండాలి. ఎండితే పొడైపోతుంది, తడిస్తే కుళ్ళిపోతుంది, మధ్యలో వేలికి మెత్తగా తగిలి మళ్ళీ లేచే స్థితి ఒకటుంటుంది, దాన్నే పదును అంటారు. ఊళ్ళో సముద్రపు గాలి ఆ పని దానంతటదే చేస్తుంది. ఇక్కడ మనమే చెయ్యాలి. మర్నాడు సెక్టారు మార్కెట్టు దగ్గర కుమ్మరి అమ్మే నీళ్ళ కుండల్లో పెద్దది ఒకటి బేరమాడకుండా తెచ్చింది, ఎందుకంటే బేరమాడ్డానికి హిందీ రాదు. అడుగున ఇసక పోసి తడిపింది. ఇసకలో ఇటుక, ఇటుక మీద నా పెట్టె, కుండ మూతికి పల్చటి గుడ్డ, దాని మీద మూకుడు. వెనక బాల్కనీలో ఎండ తగలని మూల పెట్టింది.

పది రోజుల తర్వాత నొక్కి చూస్తే సిగార్ చప్పుడు చెయ్యలేదు. నా ఆనందం ఇంతా అంతా కాదు. ఆ క్షణంలో కూడా, "సారుకి చూపించాలి" అనుకున్నానే గాని అమ్మకి ఒక మంచి మాట చెప్పాలని తోచలేదు.

అలా ఆ కుండ అమ్మ పని అయిపోయింది. మే, జూన్లలో వేడిగాలి తలుపులు కొడుతున్నప్పుడు రోజూ పొద్దున్నే ఇసక మీద చెంబెడు నీళ్ళు చిలకరించేది. ఆగస్టులో గోడలు చెమర్చే రోజుల్లో ఇసకంతా తీసేసి, ఎండిన బొగ్గు ముక్కలు వేసేది. చలికాలంలో వారానికోసారి గుప్పెడు నీళ్ళు. నెలకోసారి సిగార్లన్నీ బయటికి తీసి, అడుగువి పైకీ పైవి అడుక్కీ మార్చేది. ఒకసారి ఆకు మీద తెల్లటి పొర కనబడితే నేను గుండె బాదుకున్నాను. చీర కొంగుతో తుడిచి, వాసన చూసి, ఇది బూజు కాదు, ఆకు పండుతోందని చెప్పింది. ఎన్ని రోజులకి ఎంత నీళ్ళు, ఏ నెలలో బొగ్గు, ఇవేవీ నేను కాగితం మీద రాసుకోలేదు. అమ్మ ఉంది కదా అనుకున్నాను.

రెండేళ్ళయ్యాక ఒక ఆదివారం పొద్దున్న మొదటిది తీసి అంటించాను. మొదట కొంచెం మిరియం ఘాటు, తర్వాత వేయించిన శనగపప్పు లాంటి కమ్మదనం, సగం దాకా వచ్చాక తీపి. ఆ రుచి ఇప్పటికీ నోట్లో ఉంది, అబద్ధమెందుకు. అమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది. తను దాచిన ఆకు ఎలా పండిందో తెలుసుకోవాలని ఉండదా మరి? ఒక్క దమ్ము ఇమ్మంది. ఇచ్చాను. చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, నిప్పు కొస నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. క్యూబా సిగార్ని అడ్డపొగ పెట్టిన మనిషి ఈ భూమ్మీద మా అమ్మ ఒక్కతే అయి ఉంటుంది. నేను గబుక్కున లేచి కర్టెన్ లాగేశాను. ఎదురు బ్లాకులో ఒక అండర్ సెక్రటరీ కుటుంబం ఉండేది.

"ఆకు మంచిదేరా. కాటు లేదు," అని తిరిగి ఇచ్చేసింది. కర్టెన్ వైపు ఒకసారి చూసింది.

ఆ సాయంత్రమే ఆమెకి నియమాలు పెట్టాను. చుట్ట వెనక బాల్కనీలోనే కాల్చాలి, అదీ చిక్కు, అంటే వెదురు పుల్లల తెర, దించాక. ఎవరైనా వస్తే నోరు కడుక్కుని రావాలి. పక్కింటి పంజాబీ ఆంటీ ముందు చుట్ట మాటే ఎత్తకూడదు. మానెయ్యమని మాత్రం నేనెప్పుడూ అనలేదు. ఆమె ఒంటికి ఏమవుతుందన్న దిగులు నాకు ఒక్కనాడూ లేదు, ఎవరు చూస్తారోనన్న భయం తప్ప. నేను ముందు గదిలో కాల్చేది హాబీ. మా అమ్మ వెనక కాల్చేది నామోషీ. రెండూ ఒకటే ఆకు. నిప్పు బయటికుంటే హోదా, లోపలికుంటే మోటు. ఇంత చదువు చదివి నేను నేర్చుకున్నది అది.

పంతొమ్మిది వందల ఎనభై దాటాక ఒక జనవరిలో మా సారు మా ఇంటికి టీకి వస్తానన్నారు. జాయింట్ సెక్రటరీ సెక్షన్ ఆఫీసరు ఇంటికి రావడమంటే ఆ రోజుల్లో బ్లాకంతా చెప్పుకునే విషయం. నా కుండ సిగార్ల గురించి ఆఫీసులో అంతగా కోతలు కోశాను మరి. మా ఆవిడ కొత్త దుప్పట్లు పరిచింది. నేను అమ్మని వెనక బాల్కనీలో కూర్చోమన్నాను. చలిగా ఉంటుందని మా ఆవిడ అంటే, శాలువా ఇవ్వు అన్నాను. సారు వచ్చారు, కూర్చున్నారు, అంటించారు. తన దేవదారు పెట్టెలోవి కూడా ఇంత బాగా పండలేదన్నారు. ఈ పద్ధతి ఎవరు నేర్పారని అడిగారు.

"నేనే కనిపెట్టాను సార్," అన్నాను.

వంటింటికి అవతలే బాల్కనీ. మధ్యలో ఒక్క తలుపు. మాట్లాడింది ఇంగ్లీషులోనే అయినా, కుండ వైపు చెయ్యి చూపి, తర్వాత నా గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పాను. తలుపు సందులోంచి అమ్మ చూస్తున్న సంగతి సారు వెళ్ళాక మా ఆవిడ చెప్పింది. రెండు గంటలు ఆ చలిలో కూర్చుని, లోపలికొచ్చాక, పెద్ద దొరకి ఆకు నచ్చిందా అని అడిగింది. నచ్చిందన్నాను. సంతోషించింది. అది నిజమైన సంతోషమే, అదే నన్ను ఇప్పటికీ కాలుస్తుంది.

ఆ ఎండాకాలం అమ్మ కారం తగ్గించింది. తర్వాత మానేసింది. పెరుగన్నం చల్లారబెట్టుకుని తినేది. మా ఆవిడ ఒకరోజు నోరు తెరిపించి టార్చి వేసి చూసి, నన్ను పిలిచింది. అంగిలి తెల్లగా గట్టిపడి, మధ్యలో ఎర్రటి పుండు. పైవరస కట్టుడు పళ్ళు ఒరుసుకుంటున్నాయని అమ్మ అంది. మా ఆవిడ ఒప్పుకోలేదు. ఇది చుట్ట వల్ల వచ్చింది, డాక్టరుకి ఉన్నదున్నట్టు చెప్పమని నాకు గట్టిగా చెప్పింది.

పెద్ద ఆసుపత్రిలో చూపించాలంటే తెల్లవారకముందే వరసలో నిలబడాలి. సారుకి చెప్పాను. ఆయన మేనల్లుడు అక్కడే డాక్టరట. ఫోన్ చేశారు, వరస లేకుండా చూస్తానన్నాడు. అప్పుడు నా అదృష్టానికి నేనే పొంగిపోయాను.

ఆ మేనల్లుడు మంచివాడే, మర్యాదస్తుడే. అమ్మని "మాతాజీ" అని కూర్చోబెట్టాడు. అద్దంతో అంగిలి చాలాసేపు చూశాడు. అమ్మకి హిందీ రాదు, అతనికి తెలుగు రాదు, మధ్యలో నేను. ఎన్నాళ్ళ నుంచి, నొప్పి ఎలా ఉంటుంది, అన్నీ అడిగాడు, అన్నీ సరిగ్గానే చెప్పాను. తర్వాత, పొగాకు ఏ రూపంలోనైనా తీసుకుంటుందా అని అడిగాడు.

నా కళ్ళముందు మా సారు ముఖం కనబడింది. వీడు రాత్రి భోజనాల దగ్గర మామకి చెప్పేస్తాడు. మీ సెక్షన్ ఆఫీసరు తల్లి మండుతున్న చుట్టని నోట్లో పెట్టుకుంటుందట అని బంగళాలో నవ్వుకుంటారు. అది తప్ప ఇంకేమీ నా బుర్రలో లేదు.

"లేదు," అన్నాను.

అతనికి నమ్మకం కుదిరినట్టు లేదు. అమ్మ వైపు తిరిగి, రెండు వేళ్ళు పెదవుల దగ్గర పెట్టుకుని పొగ లాగినట్టు చూపించి, కనుబొమలెగరేశాడు. ఆ సైగకి ఏ భాషా అక్కర్లేదు. అమ్మ నా వైపు చూసింది. నేను చూపు తిప్పుకున్నాను. అప్పుడు ఆమె అతని వైపు తిరిగి, తల అడ్డంగా ఊపింది.

అతను కార్డు మీద రాసుకున్నాడు. రాస్తూ, పొగ తాగే మనిషయితే ఈ రోజే చిన్న ముక్క కోసి పరీక్షకి పంపేవాణ్ణి, కాదు కాబట్టి కట్టుడు పళ్ళ ఒరిపిడే అయి ఉంటుంది, వాటిని తీసేసి ఈ మందు రాయండి, నెలకి తగ్గకపోతే మళ్ళీ తీసుకురండి అన్నాడు. ఈ మాట నేను స్పష్టంగా విన్నాను. ముక్క కోసి పరీక్షకి పంపేవాణ్ణి అన్నాడు. అప్పుడైనా నోరు తెరవచ్చు. ఒక్క ముక్క. ధన్యవాదాలు చెప్పి లేచాను.

ఇంటికొచ్చి, డాక్టరుకి అంతా చెప్పేశానని మా ఆవిడతో అబద్ధం కూడా ఆడాను. పళ్ళసెట్టు తీశాక నొప్పి కొంచెం తగ్గిందని అమ్మ అంది. నెల గడిచింది. నాకు బొంబాయి టూర్ పడింది. ఆ తర్వాత పార్లమెంటు ప్రశ్నలు. అమ్మ బాగానే ఉన్నానంటోంది కదా అనుకున్నాను. వెనక బాల్కనీలో చిక్కు దింపి చుట్ట కాలుస్తూనే ఉంది. పొగ తాగని మనిషికి మానెయ్యమని ఏ డాక్టరు చెబుతాడు?

దీపావళి వెళ్ళాక ఒక పొద్దున్న అమ్మ టీ తాగుతుంటే ముక్కులోంచి బయటికొచ్చింది. తుడుచుకుని, పొలమారిందంది. రెండో రోజూ అంతే. మూడో రోజు మా ఆవిడ బడికి సెలవు పెట్టి, నాతో ఒక్క మాట కూడా మాట్లాడకుండా, అమ్మని ఆటోలో ఎక్కించింది. నేను పరిగెత్తుకెళ్ళి ఎక్కాను.

ఈసారి మేనల్లుడు సెలవులో ఉన్నాడు. వరసలో నిలబడ్డాం. చూసిన డాక్టరు ఇంకా పాతికేళ్ళు నిండని పిల్లవాడు, మా మాటలు విని తెలుగులో పలకరించాడు. విశాఖపట్నంలో చదివి పై చదువుకి వచ్చాడట. అమ్మని కిటికీ వెలుగులోకి తిప్పి అంగిలి చూశాడు. తర్వాత ఆమె చెయ్యి పట్టుకుని మెల్లగా అడిగాడు.

"పెద్దమ్మా, అడ్డపొగ కాలుస్తావా?"

ఢిల్లీలో అయిదేళ్ళుగా ఆ మాట అమ్మ చెవిన పడలేదు. ముఖం ఒక్కసారి విచ్చుకుంది, మనూరి మనిషి కనబడ్డాడని. ఆ తర్వాత నా వైపు చూసింది. అతని చేతిలో పాత కార్డు ఉంది, అందులో నేను చెప్పింది రాసి ఉంది.

"లేదు బాబూ," అంది.

నేను నోరు తెరవకముందే మా ఆవిడ ఏడుస్తూ, కాలుస్తుంది, చిన్నప్పటి నుంచీ కాలుస్తుంది అని చెప్పింది. ఆ పిల్లవాడు కార్డు తిరగేసి చూశాడు. ఇందులో పొగాకు అలవాటు లేదని ఉంది, ఎవరు చెప్పారండీ అని అడిగాడు. నన్నే చూస్తూ అడిగాడు.

"నానే రాయించినాను బాబూ. ఆడికేటీ తెలీదు," అంది అమ్మ.

ఒక్క హిందీ ముక్క రాని మనిషి, ఇంగ్లీషులో ఉన్న కార్డు మీద తనే రాయించిందట. అతను నా ముఖం చూశాడు, అమ్మ ముఖం చూశాడు. బయటికి పిలిచి నాకొక్కడికే చెప్పాడు. ఎముక దాకా వెళ్ళిపోయింది, అంగిలికి చిల్లు పడింది, మొదటిసారి వచ్చినప్పుడే తెలిసి ఉంటే ఆ చోటు వరకు తీసేసి ఇంటికి పంపేవాళ్ళం అని. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అప్పుడు ఆ వరండాలో నిలబడి అంతా చెప్పాను. అడ్డపొగ గురించి, మేనల్లుడి గురించి, సారు గురించి. అతను విన్నాడు. ఇవన్నీ ఇప్పుడెందుకు సార్ అన్నాడు.

అంగిలిలో సగం తీసేశారు. ఆ తర్వాత కరెంటు వైద్యం. అమ్మ మాట ఎవరికీ అర్థం కాకుండా పోయింది, సైగలే మిగిలాయి. ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం మంచం పక్కన కూర్చుని ఉంటే, బొటనవేలూ చూపుడువేలూ చెవి దగ్గర పెట్టుకుని రెండుసార్లు నొక్కి చూపించింది. ముందు నాకు అర్థం కాలేదు. మళ్ళీ నొక్కి, ఎండగా ఉన్న కిటికీ వైపు చూపించింది. కుండ సంగతి అడుగుతోంది. ఎండలు వచ్చేశాయి, ఇసక తడుపుతున్నావా, ఆకు పదునులో ఉందా అని. తలూపాను. తడుపుతున్నానన్నాను. అప్పటికి నేను ఆ కుండ మూత తీసి రెండు నెలలయింది.

మే మొదటి వారంలో పోయింది. నిగమ్‌బోధ్ ఘాట్ శ్మశానం నుంచి తిరిగొచ్చాక వెనక బాల్కనీలోకి వెళ్ళాను. చిక్కు దించే ఉంది. ఆ మూల చాప కింద ఆమె సగం కాల్చి ఆర్పిన చుట్ట దొరికింది. కుండ మూకుడు తీశాను. ఇసక దుమ్మయిపోయి ఉంది. పెట్టెలో సిగార్లన్నీ నిలువునా పగిలాయి. ఒకటి పట్టుకుంటే పైఆకు నా వేళ్ళకి పొట్టులా ఊడి వచ్చింది. అవి నేను డిప్యూటీ సెక్రటరీ అయిన రోజున కాలుద్దామని దాచుకున్నవి. ఆ రోజు వచ్చింది కూడా, కాని అమ్మ పోయాక నేను సిగార్ ముట్టలేదు.

పదకొండో రోజున మా సారు పలకరించడానికి వచ్చారు. అదే కుర్చీలో కూర్చున్నారు. నిజంగానే బాధపడ్డారు. మేనల్లుడు చెప్పాడనీ, జీవితంలో పొగాకు ముట్టని మనిషికి ఇలాంటి జబ్బు రావడమేమిటనీ, దేవుడి లెక్క ఎవరికీ అర్థం కాదనీ అన్నారు. తర్వాత కొంచెం ముందుకు వంగి, "ఆమెకి ఎప్పుడూ అలవాటే లేదా?" అని అడిగారు.

మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి నన్నే చూస్తోంది. వెనక బాల్కనీ తలుపు తీసే ఉంది. ఇక దాచడానికి అక్కడెవరూ లేరు.

"లేదు సార్," అన్నాను.

ఆయన వెళ్ళిపోయారు. మా ఆవిడ ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళు నాతో కాపురం చేసింది, ఆ మాట గురించి ఒక్కసారి కూడా అడగలేదు. ఆవిడా పోయింది, మా సారూ పోయారు. ఇక అడిగేవాళ్ళు లేరు కాబట్టి, అడగకుండానే చెబుతున్నాను. మా అమ్మ చుట్ట కాల్చేది. నిప్పు కొస నోట్లో పెట్టుకుని కాల్చేది. ఆ సిగార్లు పండించింది మా అమ్మ.